గుండ్రటి పిడుదు, కోల పిడుదు

ఆ రోజు అటక కింద ఉన్నవాళ్ళు: మా మేనత్త, కొబ్బరి వ్యాపారి, కాయలు వలిచే మేస్త్రీ, నేను. ఉన్న వస్తువులు: అటకకి ఆనించిన వెదురు నిచ్చెన, నేలలో దిగేసిన వలుపు గునపం, ఎవరూ కూర్చోని రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మేస్త్రీ చేతిమీద మడత పెట్టిన గళ్ళ తువ్వాలు, వ్యాపారి వేళ్ళ మధ్య ఒక ఖాళీ దగ్గు మందు సీసా. నిజానికి సీసా ఖాళీ కాదు, అందులో మూడు పిడుదులున్నాయి. తలెత్తి చూస్తే వెదురు బద్దల సందుల్లోంచి, పోయినేడు వానలకి ముందు పోసిన కొబ్బరికాయలు కనిపిస్తున్నాయి. వాటికి పైన పెంకులు, పెంకుల కింద చీకటి, ఆ చీకట్లో గబ్బిలాలు.

ఎక్కడికి వెళ్ళినా ముందు ఇలా చూసి పెట్టుకోవడం నా వృత్తి నేర్పిన అలవాటు. నేను జంతుశాస్త్రం చదివాను. గబ్బిలాల మీద బతికే మెత్త పిడుదుల్ని గుర్తుపట్టి, ఏది ఏ జాతిదో తేల్చడం మీద పరిశోధన చేస్తున్నాను. ఒక పురుగు ఫలానాది అని చెప్పాలంటే పురుగొక్కటి చూస్తే చాలదు. ఎక్కడ దొరికింది, ఎవరు తీశారు, ఎందులో పెట్టారు, చుట్టూ ఏమున్నాయి, అన్నీ తెలియాలి. వాటిలో ఏ ఒక్కటి ఎవరు తప్పు చెప్పినా పేరు తప్పుతుంది. అందుకని మా పనిలో ఉన్నవాడికి ఎదుటి మనిషి మాట మీద కొంచెం అనుమానం ఉండాల్సిందే. నాకు కొంచెం కంటే ఎక్కువే ఉందని మా ల్యాబ్‌లో అంటారు.

అత్తది ముక్తేశ్వరం దగ్గర, గోదావరి గట్టుకి ఏటివైపున్న ఊరు. మావయ్య పోయాక కూడా ఆమె కురిడీ పని మానలేదు. ముదురు కాయల్ని తొక్క తియ్యకుండా అటక మీద పోసి ఏడాది పాటు వదిలేస్తారు. లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి ఎండి, చిప్ప నుంచి దానంతటదే విడిపోతుంది. ఊపితే లోపల గుండు దొర్లినట్టు చప్పుడవుతుంది. అప్పుడు వలిచి, చిప్ప పగలగొట్టి, కొబ్బరిని గుండ్రంగా, చెక్కు చెదరకుండా తీస్తారు. అదే కురిడీ. ఉత్తరాదికి పెళ్ళిళ్ళకీ పూజలకీ వెళ్తుంది.

దేవుడి ముందు పెట్టే సరుకు కాబట్టి అటకకి ఒక మడి ఉంది. చెప్పులతో ఎక్కకూడదు. నీచు పైకి వెళ్ళకూడదు. మాంసం, చేప, గుడ్డు తిన్నవాళ్ళు స్నానం చెయ్యకుండా నిచ్చెన ముట్టుకోకూడదు. ఈ నియమం అడ్డం పెట్టుకునే మావయ్య ఏడాదిలో సగం రోజులు అటకెక్కకుండా తప్పించుకునేవాడని అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

జరిగింది ఇది. కాయలు దించే ముందు ఊపి చూడడానికి మేస్త్రీ అటకెక్కాడు. మర్నాడు పొద్దున్న లేచేసరికి నడుం చుట్టూ, మెడ మీద ఎర్రటి దద్దుర్లు. సాయంత్రానికి ఒళ్ళు కాలింది. ఆస్పత్రిలో ఏదో పురుగు కుట్టిందని మాత్రలిచ్చి పంపారు. జ్వరం తగ్గింది గాని, అప్పటికే గబ్బిలం బొమ్మతో ఒక మెసేజీ ఊళ్ళో ఫోన్లన్నీ చుట్టేసింది. కరోనా వచ్చి వెళ్ళాక గబ్బిలం పేరెత్తితే చాలు, జనం వెనక్కి జరుగుతున్నారు. వలుపుకి వచ్చే కూలీలు ఆ అటక మేం ఎక్కం అన్నారు.

వ్యాపారి అటక మొత్తం ముందే మాట్లాడుకున్నాడు. ఆయన చెప్పినదాంట్లో అన్యాయం లేదు, ఇబ్బందంతా అదే. పురుగుల మందు కొట్టకపోతే మనుషులు ఎక్కరు. కొడితే ఆ వాసన తొక్కలోకి దిగుతుంది, అది దేవుడి సరుకు కాకుండా పోతుంది, అప్పుడు తను తీసుకోడు. ఎటు చూసినా అత్త ఏడాది కష్టం పోయేలా ఉంది. మిగిలింది ఒకటే దారి. ఆ పురుగు ఏదో, అటకలో ఎంతమేర ఉందో కచ్చితంగా తెలిస్తే, అంతవరకే ఏదైనా చెయ్యవచ్చు. అందుకు నన్ను పిలిపించారు.

"మీది గబ్బిలాల చంకలు వెతికే ఉద్యోగమంట కదండీ," అన్నాడు వ్యాపారి, సీసా నా చేతిలో పెడుతూ. "జీతం ఎవరిస్తారండీ, గబ్బిలాలేనా?"

మేస్త్రీ నవ్వబోయి, మెడ సలిపి ఆగిపోయాడు. అత్త నవ్వలేదు. చూడక్కర్లేదు, గబ్బిలాలవే, ఇంకేముంటాయి అంది. నేను బస్సు దిగి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ మాట అంటూనే ఉంది. అప్పటికి నా అనుమానమంతా సీసా మీద ఉండటంతో ఆమెని పట్టించుకోలేదు.

పశువుల చెవుల్లో, కుక్కల మెడ కింద మనం చూసేది గట్టి పిడుదు. దాని వీపు మీద పెంకులాంటి పలక ఉంటుంది, మూతి ముందుకి పొడుచుకొచ్చి పైనుంచి కనిపిస్తుంది, కరిచిందంటే రోజుల తరబడి వదలదు. మెత్త పిడుదు తీరు వేరు. పలక ఉండదు. ఒళ్ళు నలిగిన తోలు ముక్కలా ఉంటుంది. మూతి పొట్ట కింద దాచుకుంటుంది. పగలంతా గోడ పగుళ్ళలో, కర్ర సందుల్లో నక్కి, జంతువో మనిషో నిద్రపోయాక వచ్చి కాసేపు తాగి వెళ్ళిపోతుంది. తిండి లేకుండా ఏడాదికి పైగా బతకగలదు.

ఇలా దాక్కునేదాని గురించి తెలిసింది తక్కువ, తెలిసినవాళ్ళ మధ్య కూడా ఒప్పందం లేదు. గబ్బిలాల మీద ఉండే ఒకే పిడుదుని ఒక పుస్తకం ఆర్గస్ అంటుంది, ఇంకో పుస్తకం కేరియోస్ అంటుంది. ఆరు కాళ్ళతో పుట్టిన పిల్ల పిడుదు వీపు మీద వెంట్రుకలు లెక్కపెట్టి ఒకరు ఒక గుంపులో వేస్తే, జన్యువులు చూసి ఇంకొకరు దాన్ని వేరే గుంపుకి మారుస్తారు. నా దగ్గరున్న సీసాల మీదే చీటీలు చింపి కొత్తవి అంటించాను, మళ్ళీ పాతవే అంటించాను. పురుగు ఎప్పుడూ మారలేదు. మారిందల్లా మా మాట.

సీసా తీసుకుని వంటింటి పక్క గదిలోకి వెళ్ళాను. ఫోనుకి తగిలించే చిన్న మైక్రోస్కోపు ఒకటి నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. పిడుదుల్ని తెల్ల పళ్ళెంలో పోసి, సన్నటి కుంచెతో తిప్పి చూశాను.

గబ్బిలం పిడుదు చొక్కా గుండీలా ఉంటుంది. పొడవెంతో వెడల్పూ అంతే, ఒక్కోసారి వెడల్పే ఎక్కువ. ఇవి మూడూ కోలగా ఉన్నాయి, తలవైపు సన్నబడి. ఒంటి అంచు చుట్టూ చిన్నచిన్న చదరాలు, ఇటుకలు పేర్చినట్టు. ఆ చదరాల్ని డిగ్రీ ప్రాక్టికల్స్ నాటి నుంచి ఎరుగుదును. ఇది కోళ్ళ పిడుదు. ఆర్గస్ పెర్సికస్.

అటక మీదికి కోడి ఎలా వచ్చింది? ఆ పొద్దున్నే రావులపాలెంలో ఆమ్లెట్ తిని వచ్చానని తెలిసి, అత్త నన్ను పంపు కింద కూర్చోబెట్టి తలస్నానం చేయించి గాని నిచ్చెన దగ్గరికి రానివ్వలేదు. పెరట్లో అత్తకీ కోళ్ళున్నాయి గాని, అవి గడప దాటవు. అలాంటి ఇంట్లో, అలాంటి అటక మీద, కోళ్ళ పిడుదా?

నాకు వ్యాపారి మీద అనుమానం వచ్చింది. సీసా ఆయన తెచ్చిందే. ఆటోలో వస్తూ చూశాను, ఆయన దొడ్డి నిండా నాటుకోళ్ళు. ఈ పుకారు ఇంకొన్నాళ్ళు నడిస్తే అత్త కాయలన్నీ నూనెకాయల కింద చవగ్గా ఆయనకే ఇవ్వక తప్పదు. ఇవన్నీ పక్కపక్కన పెట్టేసరికి నా బుర్రలో ఒక దొంగ తయారైపోయాడు.

బయటికి వచ్చి, మామూలుగా అడుగుతున్నట్టే అడిగాను, ఇవి సీసాలోకి ఎలా వచ్చాయని. మామూలుగా అడగడం నాకు రాదనుకుంటాను. వ్యాపారి నా మొహంలోకి చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అడగండి బాబూ, అడగండి. నేను పోలీస్ స్టేషన్‌కే వచ్చేననుకుంటాను."

జవాబు మేస్త్రీ చెప్పాడు. "నా తువ్వాల్లోవేనండి. నేనే దులిపేను. ఆయన దగ్గుకి తాగుతున్న సీసా అయిపోతే కడిగి ఇచ్చేరు, అంతే."

ఆ తువ్వాలు అంతకుముందు ఎక్కడుందని అడిగాను. చెమటకి తడిసిపోతుందని చుట్ట చుట్టి అటక మీద నిచ్చెన దగ్గర నైరుతి మూల పెట్టాడట. రోజంతా కాయలు ఊపి, దిగేటప్పుడు తీసుకున్నాడు. రాత్రి దాన్నే నడుంకి చుట్టుకుని పడుకున్నాడు. పొద్దున్నకి దద్దుర్లు. అప్పుడు దులిపితే ఇవి పడ్డాయి. గబ్బిలం పురుగు కుట్టిందని ఎవరో చెప్పారట, అప్పట్నుంచి వాళ్ళావిడ ఆయన్ని వసారాలోనే పడుకోబెడుతోంది.

వ్యాపారి మీది అనుమానం తగ్గింది. పూర్తిగా పోలేదు. అటక మీదే ఆ మూల ఎవరైనా వాటిని వదిలి ఉండొచ్చు కదా. మా గైడ్ మేడంకి ఫోన్ చేసి ఫొటోలు పంపాను. ఆవిడ కోళ్ళదే అన్నారు. అని, నువ్వు స్వయంగా తీయని నమూనా మీద ఎవరికీ ఏమీ చెప్పకు, పైకెక్కి చూడు అన్నారు. వ్యాపారినీ మేస్త్రీనీ మర్నాడు పొద్దున్న రమ్మన్నాను.

వాళ్ళు వెళ్ళాక నేను అటక ఎక్కాను. అత్త నిచ్చెన పట్టుకుని కింద నిలబడింది. పైన వేడి, పీచు వాసన, దానికింద గబ్బిలాల ఘాటు. కాయలు ఛాతీ ఎత్తున గుట్టగా పోసి ఉన్నాయి. నిచ్చెన దగ్గర మూల మాత్రం కాలు పెట్టడానికి కాస్త చోటు వదిలారు. దూలాల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి అటకని గళ్ళుగా విడగొట్టాను. ప్రతి గడిలో తెల్లగుడ్డ పరిచి, పైన సందుల్లో, కాయలు పక్కకి జరిపి కింద వెదుళ్ళ కణుపుల్లో కుంచెతో కెలికి, రాలినవాటిని గడికో సీసాలో వేశాను. గబ్బిలాల్ని ముట్టుకోలేదు. వాటిని పట్టుకోవడానికి వేరే అనుమతి కావాలి, ఆ రోజు నాకది అవసరం కూడా లేదు. వెన్నుదూలానికీ పెంకులకీ మధ్య అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ కిచకిచమంటున్నాయి. బొటనవేలంత ఒళ్ళు, ఎండిన తమలపాకులాంటి రెక్కలు. ఊరంతా తిడుతున్నది వీటినే.

గబ్బిలం పిడుదులు దొరికాయి. గుండ్రటివి, నాకు బాగా తెలిసినవి. అన్నీ వెన్నుదూలం సందులోనే. వాటికి కావలసింది పైన వేలాడుతోంది, కిందికి దిగి రావలసిన పని లేదు. కాయల మీద ఒక్కటి కూడా కనపడలేదు.

కోలగా ఉన్నవి నైరుతి మూల దొరికాయి, అక్కడొక్కచోటే. వెదురు కణుపుల్లో ఎండి పలచబడిపోయి ఉన్నాయి, చాలాకాలంగా తిండి లేనట్టు. పక్క గడిలో వెతికాను, లేవు. దాని పక్కదాంట్లోనూ లేవు. ఎవరైనా తెచ్చి వదిలితే ఇవి ఇంత పలచగా, ఇంత కుదురుగా కణుపుల్లో స్థిరపడి ఉండవు. ఇవి ఇక్కడ నెలల నుంచి ఉన్నాయి. టార్చి ఇంకా కిందికి దించి చూశాను. వెదుళ్ళ మీది దుమ్ములో గుండ్రంగా ఒక అచ్చు ఉంది, గంప అడుగు పెట్టి తీసినట్టు. రెండు బద్దల మధ్య ఇరుక్కుని ఒక గోధుమరంగు ఈక. దాని పక్కన గోరంత గుడ్డుపెంకు.

వెదుళ్ళ సందులోంచి కిందికి చూశాను. అత్త తల కనిపించింది. ఆమె పైకి చూడటం లేదు.

దిగాక ఆమెతో ఏమీ అనలేదు. మొహం కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళాను. కోళ్ళగూడు పక్కన ఒక వెదురు గంప బోర్లించి ఉంది. దాని అంచు అల్లిక విడదీసి చూశాను. అక్కడా కోలవే, అంచు చుట్టూ చదరాలతో, అయితే ఇవి బాగా తాగి నల్లగా ఉన్నాయి. వాటితోపాటు ఆరు కాళ్ళ పిల్లలు కూడా. గంప అడుగుని జానతో కొలిచాను. దుమ్ములో అచ్చుతో సరిపోయింది.

తలెత్తేసరికి అత్త పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎప్పుడు పెట్టేవు అత్తా?" అన్నాను.

ఆమె బుకాయించలేదు. వచ్చి పంపు గట్టు మీద కూర్చుంది.

"గోదారొచ్చినప్పుడు. పెరట్లోకి మోకాల్లోతు నీళ్ళొచ్చేసేయి. పెట్ట పొదుగు మీదుంది, గుడ్ల మీంచి లేవదు. దాన్ని నీళ్ళలో వదిలెయ్యమంటావా? ఇంట్లో పొడిగా ఉన్న చోటు అటకొక్కటే."

ఎన్నాళ్ళుంచావని అడిగాను. పిల్లలు లేచిన రోజే దింపేశానంది. పసుపునీళ్ళు చల్లానంది. మళ్ళీ ఎప్పుడైనా పెట్టావా అని అడిగాను. లేదంది. నిజంగా లేదా అని ఇంకోసారి అడిగాను. ఆమె మొహం ఎర్రబడింది.

"నా చంకలో పెరిగినవాడివి. ఇప్పుడు నన్ను కూడా సీసాలో పెట్టి చూస్తావా?"

నిజం చెప్పాలంటే నేను నమ్మింది ఆమె మాటని కాదు. మళ్ళీ మళ్ళీ పెట్టి ఉంటే పిడుదులు పక్క గడుల్లోకి పాకేవి. పాకలేదు. ఆ ఖాళీ గడులు చెప్పాయి కాబట్టి నమ్మాను. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

అప్పుడు ఆమె అసలు మాటకి వచ్చింది. గొంతు తగ్గించి, పక్కింటి గోడ వైపు చూసి అంది. "నువ్వు గబ్బిలాలవే అను. వాటికి ఊళ్ళో పోయే పరువేముంది?"

పొద్దుట్నుంచి ఆమె గబ్బిలాలవే, గబ్బిలాలవే అంటున్నది ఎందుకో నాకప్పుడు తెలిసింది. మేస్త్రీకి గబ్బిలం పురుగని చెప్పిందీ ఆమేనట. గబ్బిలాలవంటే ఎవరో పొగ పెట్టి వాటిని తోలేస్తారు, కాయలు దిగుతాయి, వ్యాపారి తీసుకెళ్తాడు, కోడి సంగతి ఎవరికీ తెలియదు. ఆమె లెక్క అది.

"అత్తా, గబ్బిలాలవని నేనంటే పొగతో పోవు. పెంకులు విప్పి, పైన దూలాలన్నిటికీ మందు కొట్టమంటారు. అది కారేది ఎవరి కాయల మీద?"

ఆమె గంప వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"కోడిదంటే?" అంది.

"ఆ మూల వరకే. అక్కడి వెదుళ్ళు తీసేసి కాల్చెయ్యాలి, దూలం సందుల్లో మరిగే నీళ్ళు పొయ్యాలి, ఈ గంప కూడా కాల్చెయ్యాలి. మిగతా అటక జోలికి వెళ్ళక్కర్లేదు."

"మందు సంగతి సరే. ఆయన తీసుకోవాలి కదా. దేవుడి సరుకు మీద కోడిని కూర్చోబెట్టేనని తెలిస్తే అటకంతా వద్దంటాడు. ఈ ఏడే కాదు, పై ఏడు కూడా నా కాయ ఎవరూ ముట్టుకోరు."

అది నిజమే. దానికి మా పుస్తకాల్లో జవాబు లేదు. పిడుదు ఏదో చెప్పగలను, ఎక్కడుందో చెప్పగలను. మనిషి ఏం చేస్తాడో చెప్పడానికి అంచున చదరాలుండవు. నేను లేనిది ఉన్నట్టు చెప్పను, కోడి ఎలా వచ్చిందో మాత్రం నా అంతట నేను చెప్పను అన్నాను. ఆమె లేచి బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది. ఆ పూట మాతో ఎవరూ లేకపోయినా ఇద్దరం తలుపు వైపు చూస్తూనే అన్నం తిన్నాం.

మర్నాడు పొద్దున్న వ్యాపారి, మేస్త్రీ కలిసే వచ్చారు. కలిసి రావడం కూడా నాకు అనుమానంగానే తోచింది. వ్యాపారి అరుగు మీద కూర్చుని ఏం తేల్చారండీ అన్నాడు. పైన రెండు రకాలున్నాయి, గుండ్రటివి గబ్బిలాలవి, అవి వెన్నుదూలం దాటి రాలేదు, తువ్వాల్లో పడినవి కోలవి, అవి గబ్బిలాలవి కావు అన్నాను.

"మరి దేనివండీ?"

నేను అత్త వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. నేను నోరు తెరిచేలోపు ఆమే అంది.

"కోడివి. గోదారొచ్చినప్పుడు పెట్టని గంపతో సహా నేనే పైన పెట్టేను. నిచ్చెన కాడ మూల."

వ్యాపారి దగ్గొచ్చి దగ్గాడు. తర్వాత నెమ్మదిగా, "మా ఇంట్లో కూడా గోదారొచ్చినప్పుడు పట్టెమంచం మీద మేకల్ని కట్టేమండి," అన్నాడు. కాస్త ఆగి, "అటక మీద మాత్రం కట్టలేదు," అన్నాడు.

అత్త తల దించుకుంది. వ్యాపారి చెప్పులు విడిచి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, తనే నిచ్చెన ఎక్కాడు. వెనక నేను, నా వెనక మేస్త్రీ. అత్త కింద నుంచే వింటోంది. దుమ్ములో అచ్చు చూపించాను. నా సుద్ద గుర్తులు చూపించాను, ఏ గడిలో ఏవి దొరికాయో, ఏ గడిలో ఏమీ దొరకలేదో చెప్పాను. ఆయన నా మాట వింటూనే నాకు చెప్పకుండా వేరే చోట రెండు మూడు సందుల్లో పుల్ల పెట్టి కెలికాడు. నేను చేసే పనే. ఏమీ రాలలేదు.

"ఈ మూలా, దీని పక్క వరసా నాకొద్దండి," అన్నాడు. "అవి దేవుడికి పెట్టను. నూనెకి పంపించుకోండి."

పక్క వరసలో పిడుదుల్లేవని నేనన్నాను. కింద నుంచి అత్త గొంతు వినిపించింది. "పక్క వరసెందుకండీ? కోడేమన్నా అటకంతా షికారు చేసిందా? గంపలో కూర్చుంది."

"పిల్లలు లేచేక నడవలేదా అమ్మగారూ?"

"లేచిన రోజే దింపేనంటున్నాను కదా."

"ఆయ్, దింపేరు. దింపేలోపు అవి ఎంత దూరం వెళ్ళేయో మీ మేనల్లుడి భూతద్దం చెప్పలేదు కదండీ."

అది కాదనలేకపోయాను. పిడుదులు ఎంత దూరం వెళ్ళాయో చెప్పగలను గాని, కోడిపిల్లలు ఎక్కడెక్కడ నడిచాయో చెప్పలేను. కింద అత్త నిచ్చెన కాలు సరిచేసి పట్టుకుంది. దాన్నే ఆయన ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

"మిగతా అటకంతా తీసుకుంటున్నాను," అన్నాడు నిచ్చెన దిగుతూ. "కాని ఈ కోడి ముచ్చట నేను వినలేదు. ఏం మేస్త్రీ, నువ్వు విన్నావా?"

"నాకు జ్వరమండి. చెవులు సరిగా పనిచెయ్యడం లేదు," అన్నాడు మేస్త్రీ. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అయితే నన్ను కుట్టింది కోడిదేనంటారా? మా ఆవిడకి మీరో మాట చెప్తే బాగుంటుందండి. నేను చెప్తే నమ్మదు."

కుట్టినది ఇదేనని చెప్పలేను, నీ తువ్వాల్లో దొరికింది ఇదని మాత్రం చెప్పగలను అన్నాను. పెళ్ళాం దగ్గర అంత తేడా పనికిరాదండీ అన్నాడు. చివరికి ఆవిడకి ఫోన్ చేసి, తువ్వాల్లో దొరికినవి గబ్బిలాలవి కావని చెప్పాను. పూర్తిగా నిజమని నేను చెప్పగలిగిన ముక్క అదొక్కటే కాబట్టి చెప్పడం సులువైంది.

వ్యాపారి అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇన్ని ఇళ్ళు తిరిగినవాడు, గోదావరి వచ్చినప్పుడు అటకల మీదికి ఏమేం ఎక్కుతాయో ఆయనకి తెలిసే ఉండాలి. ఆ కాయల్ని దేవుడి ముందు పెట్టేవాళ్ళకి ఆయన ఏం చెప్తాడో నాకు తెలియదు. నా సీసాల చీటీల మీద నేను రాసింది: చోటు, అటక నైరుతి మూల, బతికేది, కోడి మీద. వెన్నుదూలంలోవాటికి: బతికేది, గబ్బిలం మీద. ఎవరి అటకో రాయలేదు.

ఆ మధ్యాహ్నం కూలీలు వచ్చారు. మేస్త్రీయే ముందు ఎక్కాడు, ఈసారి తువ్వాలు కిందే వదిలి. ముందు వ్యాపారి వద్దన్న కాయలు దించి పెరట్లో వేరేగా పోశారు. తర్వాత ఆ మూల వెదుళ్ళు ఊడబెరికి గంపతో కలిపి కాల్చారు. అత్త కాగు నిండా నీళ్ళు మరగబెట్టి అందిస్తే నేను దూలం సందుల్లో పోశాను. పైన గబ్బిలాలు ఆవిరికి కాసేపు గోలపెట్టి, మళ్ళీ సర్దుకున్నాయి. పెంకులు ఎవరూ విప్పలేదు. మందు ఎవరూ కొట్టలేదు.

పొద్దువాలే ముందు మంచి కాయల మొదటి బండి కదిలింది. అత్త దాని వెనక గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, పెరట్లో గుట్ట ముందు కూర్చుంది. తనే జతలు జతలుగా ఏరి ఇటు నుంచి అటు వేస్తూ లెక్కపెట్టింది. నేను రెండోసారి లెక్కపెట్టాను. ఇద్దరికీ ఒకటే వచ్చింది.

నూనెకి పోయినవి నాలుగు వందల పన్నెండు కాయలు.